పేరు లేని మందు ఇంట్లోకి రానివ్వకండి

సంపాదకుల వారికి నమస్కారం.

కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు నడిచి పోయేంత దూరంలో మాకో చిన్న కిరాణా అంగడి ఉంది. ముందు అంగడి, వెనక ఇల్లు. ఇరవై ఏళ్ళకు పైగా నేనూ మా ఆయనా దీన్నే నమ్ముకుని బతుకుతున్నాం. బస్తాలు కొరికే ఎలుకలు, అల్మారాల్లో బొద్దింకలు, బియ్యంలో పురుగులు, మంచాల్లో నల్లులు, గుమ్మాలకు చెదలు, ఈ పాట్లన్నీ పడ్డవాళ్ళమే. వీటి గురించి రాయాలని ఎప్పటి నుంచో ఉంది, పోయిన నెల జరిగిన సంగతి చూశాక ఇక ఆగలేకపోయాను.

మా వీధిలో అద్దెకుండే ఒకమ్మాయి ఉప్పు ప్యాకెట్ కోసం వచ్చి చేతిలోని లీటరు నీళ్ళ సీసా గల్లా పెట్టె పక్కన పెట్టింది. అడుగున రెండు వేళ్ళ ఎత్తున పచ్చగా, నూనెలా ఉన్న ద్రవం. మూత గట్టిగానే బిగించి ఉన్నా ఘాటు ముక్కుకు కొడుతోంది. ఏందమ్మా ఇది అని అడిగితే, "నల్లుల మందక్కా, పురుగుమందుల అంగట్లో పోసిచ్చినారు, నలభై రూపాయలు, నీళ్ళలో కలిపి పరుపుకు కొట్టమన్నారు" అంది. మందు పేరు తెలీదు. ఎంత కలపాలంటే "ఒక మూతెడు" అన్నారట, ఎన్ని నీళ్ళకో చెప్పలేదు. ఆ సీసాకు నీళ్ళ కంపెనీ కాగితం ఇంకా అట్లే అతుక్కుని ఉంది. ఇంట్లో రెండేళ్ళ బిడ్డ ఉంది, ఆ పరుపు మీదే పడుకుంటుంది, దాహమైతే అలాంటి సీసాలోంచే నీళ్ళు తాగుతుంది. నాకు చేతులు వణికాయి.

ఆ అమ్మాయిని నేను తప్పు పట్టను. రాత్రంతా బిడ్డ గోక్కుంటూ ఏడుస్తుంటే ఏ తల్లయినా ఎవరేం చెప్తే అదే చేస్తుంది. నేనే పెద్ద తప్పు చేసినదాన్ని. నాలుగేళ్ళ కిందటి దాకా మా అంగట్లో కూడా బిస్కెట్ ప్యాకెట్ల పక్కనే దారానికి ఎలుకల పేస్టు ట్యూబులు వేలాడేవి. ఎవరు అడిగితే వాళ్ళకు తెంచి ఇచ్చేదాన్ని, చిన్న పిల్లలను పంపినా ఇచ్చేదాన్ని. ఒక వేసవిలో పక్కింటి పెద్దమ్మ అలాగే ఒక ట్యూబు తీసుకుపోయి టమాటా ముక్కలకు రాసి బియ్యం డ్రమ్ము వెనక పెట్టింది. సెలవులకు వచ్చిన మనవడికి నాలుగేళ్ళు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే వాడు డ్రమ్ము వెనక దూరాడు. లేచి చూసేసరికి వేళ్ళకూ మూతికీ ఆ పేస్టు అంటుకుని ఉంది, వాంతులు మొదలైనాయి. ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట "ఏం మందు?". పెద్దమ్మ అట్టపెట్టెను పొద్దున్నే కసువులో పారేసింది, మున్సిపాలిటీ బండి తీసుకుపోయింది. ఫోన్ వస్తే మా ఆయన అంగట్లో వేలాడుతున్న ఇంకో ట్యూబు తెంచుకుని బండి మీద ఉరికినాడు. దాని మీది చిన్న అక్షరాలు చదివాకే అది ఎల్లో ఫాస్ఫరస్, అంటే పసుపు భాస్వరం అని వాళ్ళకు తెలిసింది.

మరుసటి రోజుకు పిల్లోడు లేచి ఆడుకుంటున్నాడు. బాగయిపోయింది, ఇంటికి తీసుకుపోతాం అని వీళ్ళు పట్టుబడితే డాక్టరు ససేమిరా అన్నాడు. ఆ విషం గుణమే అంత. మొదటి రోజు వాంతులు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఏమీ కానట్టే ఉంటుంది, లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది, కామెర్లు బయటపడేసరికి చేయి దాటిపోతుంది. దానికంటూ విరుగుడు మందు లేదు. మింగింది కొంచెమే కాబట్టి, వెంటనే తీసుకుపోయారు కాబట్టి ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి ఆ పిల్లోడు దక్కాడు, ఇప్పుడు రెండో తరగతి. ఆ ట్యూబు అమ్మింది నేను. ఆ రాత్రే మిగిలినవన్నీ దారంతో సహా తీసేశాం. మన పక్క రాష్ట్రం తమిళనాడు ఈ పేస్టును నిషేధించింది. కోపంలోనో దుఃఖంలోనో ఉన్న మనిషి చేతికి అంత సులభంగా అందకూడని వస్తువు కూడా అది.

పురుగుమందుల మీద 1968 నుంచే చట్టం ఉంది. ఏ మందైనా కంపెనీ సీలు వేసిన డబ్బాలోనే, లేబులుతోనే అమ్మాలి, విడిగా సీసాల్లో పోసి అమ్మకూడదు. ప్రతి డబ్బా మీదా గాలిపటంలా నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది, దాని కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపు ఉంటే అన్నింటికన్నా ఘోరమైన విషం, దాని తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నింటికన్నా తక్కువ. చదువు రాకపోయినా రంగు చూసి తెలుసుకోవాలనే ఆ ఏర్పాటు. నీళ్ళ సీసాలో పోసిన క్షణమే ఆ రంగు పోయింది, పేరు పోయింది, ఎంత కలపాలో పోయింది, ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసిన మాట కూడా పోయింది. పైగా ఆ సీసాలో ఉన్నది పొలానికి వాడే మందు. పత్తి చేనుకు గాలిలో, ఎండలో కొట్టే మందును కిటికీలు మూసిన పది బై పది గదిలో కొడితే అది పరుపులోకి, దిండులోకి ఇంకి రోజుల తరబడి ఉంటుంది. 2018లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చి 2020 ఆఖరుకల్లా దేశంలో ఆపేసిన మందుల్లో డైక్లోర్వాస్, ఫోరేట్ ఉన్నాయి. మొదటిది మన ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి నల్లులకూ బొద్దింకలకూ కొట్టినదే. రెండోది గుళికలు. ఇప్పటికీ ఎలుక బొక్కల్లో, చీమల పుట్టల్లో గుళికలు వేయమని ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉన్నారు.

సరే, ఇవన్నీ ఆపేస్తే నల్లులు ఎట్లా పోవాలి అంటారు. ఆ అమ్మాయి కూడా అదే అడిగింది. మా ఆయన వెంట పోయి ఆ సీసా అమ్మిన వాళ్ళకే వెనక్కి ఇప్పించి వచ్చాడు, తర్వాత నేను వాళ్ళింటికి పోయి మంచం విప్పించాను. చెక్క మంచం కోళ్ళకూ పట్టెలకూ మధ్య ఉన్న సందులో మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, వాటి మధ్యలో తెల్ల నువ్వు గింజ కన్నా చిన్న గుడ్లు బంక పెట్టినట్టు అంటుకుని ఉన్నాయి. మందు పరుపు పైన కొడతారు, నల్లి ఉండేది ఈ సందుల్లో. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది కాబట్టి పది రోజులు ఊరికి పోయి వస్తే చస్తుందనుకోవద్దు. మన పెద్దోళ్ళు ఎండాకాలంలో మంచాలు బయట వేసి సలసల కాగే నీళ్ళు పోసేవాళ్ళు, అదే సరైన పద్ధతి, 50 డిగ్రీలు దాటితే నల్లీ గుడ్డూ రెండూ బతకవు. ఒట్టి ఎండలో పెడితే మాత్రం అవి నీడ పక్కకు నడిచిపోతాయి, మన కర్నూలు మే నెల ఎండైనా సరే. దుప్పట్లు, దిండు గలీబులు వేడి నీళ్ళలో నానబెట్టి ఉతకాలి, పరుపు అంచుల కుట్ల వెంట ఇస్త్రీ పెట్టె నెమ్మదిగా నడపాలి, పరుపు కాలకుండా పైన పలుచటి బట్ట వేసుకోవాలి. ముఖ్యమైన మాట, వారం పది రోజులకు మళ్ళీ ఇదంతా చేయాలి, ఎందుకంటే ఎక్కడో మిగిలిన గుడ్లు అప్పటికి పగులుతాయి. ఒక్కసారి చేసి ఊరుకుంటే చేయనట్టే. మూడు సార్లు చేయించాను, ఇప్పుడు ఆ బిడ్డ నిద్రపోతోంది.

బొద్దింకల దగ్గరికి వస్తే, మన సీమ ఇళ్ళకు ఒక ప్రత్యేకమైన బాధ ఉంది. వంటింట్లో అల్మారాలన్నీ కడప బండలే కదా, ఆ నల్ల బండ గోడలోకి దూరే చోట సిమెంటు రాలిపోయి సన్నటి సందు ఏర్పడుతుంది. రాత్రి రెండింటికి లేచి టార్చి వేసి చూడండి, ఆ సందు పొడవునా మీసాలు బయటికి ఊగుతుంటాయి. చిన్నగా, గోధుమ రంగులో, మెడ మీద రెండు నల్ల గీతలుండేవి వంటింటి బొద్దింకలు. పెద్దగా, ఎర్రగా ఉండి మోరీలోంచి వచ్చేవి వేరే జాతి. చిన్నవాటిలో ఆడది గుడ్ల సంచిని పొదిగే దాకా తన వెనకే పెట్టుకుని తిరుగుతుంది, ఒక్కో సంచిలో ముప్పై నలభై పిల్లలుంటాయి. స్ప్రే కొడితే తల్లి చస్తుంది గానీ ఆ సంచి గట్టి పెంకులోకి మందు సరిగా దిగదు, పొదగడానికి దగ్గరపడితే పిల్లలు బయటికి రావచ్చు. అందుకే "కొట్టినాం, నెలకు మళ్ళీ వచ్చినాయి" అంటారు అందరూ.

నేను చేసింది ఇది. ముందు తెల్ల సిమెంటు కలిపి ప్రతి బండ సందూ పూడ్చాను, రెండు రోజుల పని. సిలిండర్ పైపు గోడలోంచి వచ్చే కంత, కుళాయి కింద కంత కూడా. తర్వాత బొద్దింకల జెల్ దొరుకుతుంది, సీలుతో, లేబులుతో, దాన్ని ఆవగింజంత చుక్కలుగా ఫ్రిజ్ మోటారు దగ్గర, స్టవ్ గట్టు కింద, తలుపు బందుల పక్కన, పిల్లల చేతికి అందని చోట్ల పెట్టాను. జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టకూడదు, ఆ ఘాటుకు అవి జెల్ తినకుండానే పక్క గదికి పోతాయి. రాత్రి పడుకునే ముందు సింకు ఆరబెట్టి, మోరీకి జాలీ మూత వేసి, ఎంగిలి గిన్నెలు తోమేసుకోవాలి, ఎందుకంటే తిండి లేకుండా వారాలు ఉంటాయి గానీ నీళ్ళు లేకుండా ఎక్కువ రోజులు ఉండలేవు. అంగడి వాళ్ళకు ఒక మాట: బొద్దింకలు ఎక్కువగా హోల్‌సేల్ నుంచి వచ్చే అట్టపెట్టెల మడతల్లో దాక్కుని వస్తాయి. సరుకు సర్దిన రోజే ఖాళీ పెట్టెలు బయటికి పంపేయండి. ఇక సుద్దముక్కలా ఉండే బొద్దింకల చాక్‌పీసులు మా అంగట్లో అమ్మడం మానేశాను, పిల్లలు దాన్ని పలకల మీద రాసుకోవడం నేనే కళ్ళారా చూశాను.

ఎలుకల విషయంలో మందు కన్నా బోను నయం అని నా గట్టి నమ్మకం. మందు తిన్న ఎలుక ఏ అటక మీదో, ఏ బస్తాల వెనకో చచ్చి నాలుగు రోజులు వాసన కొడుతుంది, అంగట్లో అయితే బేరం పోతుంది. బోను పెట్టడంలో చాలామంది తొందరపడతారు. ఎలుకకు కొత్త వస్తువంటే భయం, అందుకే మొదటి రెండు మూడు రోజులు బోనుకు కొక్కెం వేయకుండా తెరిచి పెట్టి, అందులో వేయించిన చెనిక్కాయ గింజలో, ఎండు కొబ్బరి ముక్కో, నిన్నటి పకోడీయో వేసి వదిలేయాలి. అది హాయిగా తినిపోవడం అలవాటయ్యాక నాలుగో రాత్రి కొక్కెం వేయాలి. బోను గది మధ్యలో కాదు, గోడ వెంబడి పెట్టాలి, ఎలుక గోడను రాసుకుంటూనే తిరుగుతుంది, సున్నం మీద జిడ్డు మరక చూస్తే దాని దారి మీకే తెలుస్తుంది. చిట్టెలుకకు పెన్సిలు దూరేంత కంత చాలు. కంతల్లో గాజు పెంకులు దట్టించి సిమెంటు పూయడం మా నాన్న చేసేవాడు, నేను ఇప్పుడు గిన్నెలు తోమే స్టీలు పీచు కూడా దట్టిస్తున్నాను, దాన్ని అవి కొరకలేవు. తలుపు కింద రేకు కొట్టించండి.

మందు తప్పదనుకుంటే బ్రోమాడియోలోన్ కేకులు ఉన్నాయి, తిన్నాక కొన్ని రోజులకు గానీ చావవు. అదీ విషమే, కానీ దానికి విటమిన్ కె అనే విరుగుడు ఉంది, పసుపు భాస్వరానికి లేదు. దాన్ని కూడా పెట్టెలో పెట్టి, బొక్క దగ్గరే, పిల్లలకూ కుక్కలకూ అందకుండా. ఇంకొకటి, ఒక్కరింట్లో పట్టి లాభం లేదు. మా వరసలో ఆరు అంగళ్ళ వాళ్ళం ఒకే వారం బోనులు పెట్టాం, రాత్రి పూట కుళ్ళిన ఉల్లిగడ్డలు, అన్నం బయట పారబోయడం మానేశాం, అప్పుడే తేడా కనిపించింది. బస్తాలు నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు అడుగున్నర దూరంలో పేర్చుకుంటే వెనక ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది. హోటళ్ళకూ తిండి సరుకులమ్మే అంగళ్ళకూ ఆహార భద్రత నిబంధనల్లోనే పురుగూ ఎలుకా లేకుండా చూసుకోవాలని ఉంది, అది కాగితం మీద ఉంటే చాలదు.

ఇప్పుడు బియ్యం. ఇది రాయకుండా ఉండలేను, ఎందుకంటే అన్నింటికన్నా పెద్ద ప్రమాదం ఇక్కడే ఉంది. గోడౌన్లలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను కొందరు బట్టలో చుట్టి ఇంట్లో వడ్ల బస్తాల్లో, జొన్న గుమ్ముల్లో పెడుతున్నారు. 3 గ్రాముల బిళ్ళ గాలిలో తేమ తగిలి 1 గ్రాము ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. ఆ వాయువు ఊపిరితిత్తులనూ గుండెనూ దెబ్బతీస్తుంది, దీనికీ విరుగుడు లేదు. ఆ గదిలో పడుకున్న కుటుంబాలు నిద్రలోనే పోయిన ఘటనలు మన దేశంలో జరిగాయి. ఆ బిళ్ళలు ప్రభుత్వ గిడ్డంగులకూ శిక్షణ పొందిన లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళకూ మాత్రమే, ఇంటికి కాదు. ఎవరైనా చేతిలో నాలుగు బిళ్ళలు పెట్టి ఇస్తుంటే దయచేసి తీసుకోకండి.

ముక్క పురుగు బయటి నుంచి వచ్చి పడుతుందనుకుంటాం గానీ, అది గింజకు చిల్లి పెట్టి లోపలే గుడ్డు పెట్టి మూసేస్తుంది, నెల తిరిగేసరికి పెద్ద పురుగై గింజ తొలుచుకుని బయటికి వస్తుంది. అందుకే కుట్టు విప్పని కర్నూలు సోనా బస్తాలో కూడా పురుగు కనిపిస్తుంది, అంగడివాడు మోసం చేశాడని నాతో పోట్లాడిన వాళ్ళున్నారు. నెలకు సరిపడా మాత్రమే కొనుక్కోండి, పాత బియ్యం మీద కొత్త బియ్యం పోయకండి, డ్రమ్ము అడుగు, మూత అంచు గుడ్డతో తుడిచి ఎండలో ఆరబెట్టాకే పోయండి, మూత గాలి చొరబడకుండా ఉండాలి. బియ్యాన్ని మండుటెండలో పోస్తే విరిగి నూకలవుతాయి, నీడలో పలుచగా ఆరబోసి జల్లెడ పట్టండి. అలసందలు, పెసలు, శనగల మీద తెల్ల చుక్కలు కనిపిస్తే అవి పుచ్చు పురుగు గుడ్లు. వాటిని బాగా ఎండబెట్టి, చల్లారాక కిలోకు ఒక చెంచా ఆముదం పట్టిస్తే పురుగు గుడ్డు పెట్టలేదు, పెట్టినా బతకదు. కందిపప్పుకు మా అమ్మ, వాళ్ళమ్మ కూడా అదే చేసేవాళ్ళు. రవ్వ, మైదా లాంటివి కొంచెమే అయితే నాలుగు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి తీయండి, చాలు.

చెదలు మాకు 2009 అక్టోబర్ వరద తర్వాత పట్టుకున్నాయి. తుంగభద్ర, హంద్రీ నీళ్ళు ఇంట్లో నిలిచి, గోడలు నెలల పాటు తడిగా ఉండి, వెనక గుమ్మం వెంట మట్టి గీత పైకి పాకింది. మేం ఆ గీత గీకేసి కిరసనాయిలు పోశాం, మళ్ళీ గీకాం, మళ్ళీ పోశాం, మూడేళ్ళకు దర్వాజా లోపల డొల్ల అయి వేలు పెడితే పొడి రాలింది. చెదల గూడు గుమ్మంలో లేదు, నేల కింద ఉంది. లైసెన్సు ఉన్న వాళ్ళను పిలిస్తే గోడ మొదట్లో అడుగుకో రంధ్రం వేసి మందు దింపారు, అప్పుడు ఆగింది. ఇల్లు కట్టేటప్పుడే పునాదిలో చేయించుకుంటే ఇంత కష్టం, ఖర్చు ఉండేవి కావు. వచ్చిన వాళ్ళను లైసెన్సు చూపించమని, ఏ మందు కొడుతున్నారో డబ్బా చూపించమని అడగడానికి మొహమాటపడకండి. దోమల గురించి మీ పత్రిక తరచూ రాస్తూనే ఉంది కాబట్టి నేను ఎక్కువ రాయను. నీళ్ళు పట్టి దాచుకునే తొట్లను వారానికోసారి ఖాళీ చేసి అంచులు పీచుతో రుద్దాలి, ఊరికే కడిగితే గోడకు అంటిన గుడ్లు పోవు.

ప్రమాదం జరిగితే ఉప్పు నీళ్ళు తాగించి కక్కించడం, పాలు పోయడం చేయకండి, 108కి ఫోన్ చేయండి. ఒంటి మీద పడితే బట్టలు విప్పేసి సబ్బు నీళ్ళతో బాగా కడగండి. డబ్బానో, అట్టపెట్టెనో, ట్యూబునో తప్పకుండా వెంట తీసుకుపోండి. పొలం మందుల్లో కొన్నింటికి అట్రోపిన్ ఇస్తారు, ఎలుకల కేకుకు విటమిన్ కె ఇస్తారు, ఏది మింగారో తెలిస్తేనే డాక్టరు సరైనది ఇవ్వగలడు. పేరు లేని సీసా పట్టుకుపోతే ఆయన ఏం చేస్తాడు?

మున్సిపల్, వ్యవసాయ శాఖల అధికారులు నెలకోసారైనా అంగళ్ళకు వచ్చి విడిగా పోసి అమ్ముతున్నారా, ఎలుకల పేస్టు పిల్లలకు అందేలా వేలాడదీశారా అని చూడాలి, మా అంగడితోనే మొదలుపెట్టినా సంతోషమే. తోటి కిరాణా వాళ్ళను చేతులెత్తి అడుగుతున్నాను, ఆ ట్యూబుల మీద మిగిలేది రెండు మూడు రూపాయలు, తీసేయండి.

సంపాదకుల వారూ, మీ జిల్లా ఎడిషన్‌లో ఒక్కరోజు ఆ నాలుగు రంగుల గుర్తులను పెద్దగా, రంగుల్లో, ఏ రంగుకు ఏం అర్థమో పెద్ద అక్షరాలతో వేయండి. నేను దాన్ని కత్తిరించి ట్యూబులు వేలాడిన ఆ మేకుకే తగిలిస్తాను, అట్టకు అంటించి ఆ అమ్మాయికి కూడా ఒకటి ఇస్తాను.

ఇట్లు,
ఒక కిరాణా అంగడి గృహిణి,
పాతబస్తీ, కర్నూలు